పాఠకుల ప్రశ్నలు: డిజిటల్ సమాచారాన్ని దివ్యాంగులకు అందుబాటులోకి తేవడం ఎక్కడ నేర్చుకోవాలి?

ఈ సంచికకు వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఒకే విషయం గురించి ఉన్నాయి. పాఠాలు, పుస్తకాలు, వీడియోలు, వెబ్‌సైట్లు తయారుచేసేవారు వాటిని చూపు లేనివారు, వినికిడి లేనివారు, ఇతర దివ్యాంగులు కూడా వాడుకోగలిగేలా మలచడం ఎక్కడ నేర్చుకోవాలని అడిగారు. ఒకే రకం ప్రశ్నలను కలిపి, ఏడింటికి ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాను.

ప్రశ్న: నేను ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం బోధిస్తాను. తొమ్మిదో తరగతిలో చూపు లేని విద్యార్థి ఒకడున్నాడు. నేను ఫొటో తీసి పంపిన నోట్సును తన ఫోను చదవడం లేదని, డీటీపీ సెంటరులో చేయించిన పీడీఎఫ్ అయితే ఏవేవో ఇంగ్లీషు అక్షరాలు పలుకుతోందని చెబుతున్నాడు. ఖర్చు లేకుండా, వీలైతే తెలుగులో, ఈ పని నేర్చుకునే మార్గం ఉందా?
– ఉపాధ్యాయురాలు, నల్లగొండ జిల్లా

సమాధానం: ఆ అబ్బాయి చెప్పిన రెండు లక్షణాలనుబట్టి చూస్తే లోపం ఫోనులో లేదు, ఫైళ్లలోనే ఉంది. నోటుపుస్తకం పేజీని ఫొటో తీసి పంపినప్పుడు అది మన కంటికి అక్షరాలుగా కనిపించినా ఫోనుకు మాత్రం వట్టి బొమ్మే కాబట్టి, ఆండ్రాయిడ్ ఫోన్లలో తెరమీది విషయాన్ని చదివి వినిపించే టాక్‌బ్యాక్ దానిని పాఠంగా చదవలేదు. డీటీపీ పీడీఎఫ్ సంగతి వేరు. తెలుగు ముద్రణలో దశాబ్దాలుగా వాడుతున్న అను వంటి పాత పద్ధతి ఫాంట్లలో అక్షరాల ఆకారాలను, ఒత్తులను, గుణింతపు గుర్తులను ముక్కలుగా విడగొట్టి, ఇంగ్లీషు అక్షరాలకూ విరామచిహ్నాలకూ కేటాయించిన స్థానాల్లో అమర్చారు. తెరమీద 'భారతదేశం' అని కనిపించే చోట ఫైలు లోపల ఉన్నది అర్థంలేని గుర్తుల వరుస. టాక్‌బ్యాక్ వంటి స్క్రీన్ రీడర్ ఉన్నదాన్ని ఉన్నట్టు చదువుతుంది, ఆ పిల్లవాడు దానినే వింటున్నాడు.

ఏ ఫైలు ఎలాంటిదో తెలుసుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. అందులోని ఒక వాక్యాన్ని కాపీ చేసి, వాట్సాప్‌లో సందేశం రాసే చోట అతికించండి. తెలుగు తెలుగుగానే వస్తే అది యూనికోడ్‌లో, అంటే ప్రతి భాష అక్షరానికీ సొంత సంకేతం ఉండే పద్ధతిలో, ఉన్నట్టు, వింత గుర్తులు వస్తే పాత ఫాంటులో ఉన్నట్టు, అసలు కాపీ చేయడానికే వీలు కాకపోతే అది బొమ్మ అన్నట్టు. ఇకనుంచి నోట్సును ఫోనులోని తెలుగు కీబోర్డుతోగాని, విండోస్‌తో పాటు వచ్చే తెలుగు కీబోర్డుతోగాని టైపు చేస్తే ఈ చిక్కు ఉండదు. ఇప్పటికే కాగితం మీదో ఫొటోల్లోనో ఉన్న నోట్సును గూగుల్ డ్రైవ్‌లో పెట్టి గూగుల్ డాక్స్‌తో తెరిస్తే అక్షరాలుగా మారుతుంది. అయితే మారిన ప్రతిని ఒకసారి కళ్లతో సరిచూడక తప్పదు, ఎందుకంటే ఒత్తుల దగ్గరా, ఒకదానినొకటి పోలిన అక్షరాల దగ్గరా తప్పులు దొర్లుతాయి.

వర్డ్‌లో టైపు చేసేటప్పుడు అధ్యాయం పేరును కేవలం పెద్ద అక్షరాల్లో, ముదురుగా పెట్టి వదిలేయకండి. హోమ్ ట్యాబ్‌లో ఉండే హెడింగ్ 1, హెడింగ్ 2 శైలులను వాడండి. చూపున్న విద్యార్థి పేజీని ఒక్కసారి పరికించి తనకు కావలసిన ఉపశీర్షిక దగ్గరికి వెళ్లిపోతాడు. చూపులేని విద్యార్థి అంతే వేగంగా వెళ్లాలంటే ఫైలులో ఆ శీర్షికలు శీర్షికలుగానే నమోదై ఉండాలి. లేకపోతే నలభై పేజీలను మొదటినుంచి చివరిదాకా వినవలసి వస్తుంది. మీది సాంఘికశాస్త్రం కాబట్టి పటాల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. పటం మీద మౌస్ కుడి మీట నొక్కితే దానికి ప్రత్యామ్నాయ వివరణ రాసే చోటు వస్తుంది. అక్కడ 'కృష్ణా నది పటం' అని రాస్తే ఆ విద్యార్థికి ఒరిగేది ఏమీ లేదు. 'కృష్ణా నది మహారాష్ట్రలోని మహాబలేశ్వరం దగ్గర పుట్టి, కర్ణాటక, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ మీదుగా తూర్పుకు ప్రవహించి, హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తుంది' అని రాస్తే, మీరు ఆ పటం ద్వారా మిగతా పిల్లలకు ఏమి చెప్పదలచుకున్నారో అదే అతనికీ అందుతుంది. ఏది రాయాలో పాఠం నిర్ణయిస్తుంది. అదే పటాన్ని ప్రాజెక్టుల పాఠంలో వాడితే వివరణ శ్రీశైలం, నాగార్జునసాగర్‌ల గురించి ఉండాలి. ఇది ఏ యంత్రమూ మీ బదులు చేయలేని పని, ఉపాధ్యాయులకే బాగా పట్టుబడే పని.

శిక్షణ విషయానికి వస్తే, పేరున్న కోర్సులు చాలావరకు ఇంగ్లీషులోనే ఉన్నాయి. మైక్రోసాఫ్ట్ లెర్న్ అనే ఉచిత వేదికలో యాక్సెసిబిలిటీ, అంటే దివ్యాంగులకు అందుబాటు, గురించి ప్రాథమిక పాఠాలు చిన్న భాగాలుగా ఉన్నాయి, ఉపాధ్యాయులకు అవి సరిపోతాయి. వర్డ్‌లో, పవర్‌పాయింట్‌లో రివ్యూ ట్యాబ్ కింద ఉండే యాక్సెసిబిలిటీ చెకర్ కూడా ఒక రకంగా గురువే. మీ ఫైలులో లోపం ఎక్కడుందో, ఎందుకు లోపమో, ఎలా సరిదిద్దాలో అది అక్కడికక్కడే చెబుతుంది. కానీ వీటన్నిటికన్నా ముందు ఒక గంటసేపు మీ ఫోనులో టాక్‌బ్యాక్‌ను ఆన్ చేసి, తెర వైపు చూడకుండా, మీరు పంపిన నోట్సును మీరే వినాలని గట్టిగా చెబుతాను. వేలితో కుడివైపుకు జరిపితే తరువాతి అంశం వస్తుంది, రెండుసార్లు తడితే అది తెరుచుకుంటుంది. ఇక్కడ మీకు నేర్పగలిగినవాడు మీ తరగతిలోనే ఉన్నాడు, అతనినే అడగండి.

ఆ అబ్బాయికి సుగమ్య పుస్తకాలయలో సభ్యత్వం ఇప్పించండి. ముద్రిత పుస్తకం చదవలేనివారి కోసం కేంద్ర ప్రభుత్వ దివ్యాంగుల సాధికారత విభాగం, అటువంటి పాఠకుల కోసం పనిచేసే సంస్థల కూటమి అయిన డైసీ ఫోరమ్ ఆఫ్ ఇండియా కలిసి 2016లో ప్రారంభించిన ఆన్‌లైన్ గ్రంథాలయం అది. పలు భారతీయ భాషల పుస్తకాలు అందులో ఉన్నాయి.

ప్రశ్న: మాది చిన్న ప్రచురణ సంస్థ. మా పుస్తకాలన్నీ అను ఫాంట్లలో కంపోజ్ అయ్యాయి. చూపులేని పాఠకులు కొందరు మా పుస్తకాలు కావాలని అడుగుతున్నారు. పాతవన్నీ మళ్లీ కంపోజ్ చేయించాలా? మా సిబ్బందికి శిక్షణ ఎక్కడ దొరుకుతుంది?
– ప్రచురణకర్త, విజయవాడ

సమాధానం: పాతవాటితో మొదలుపెడితే పని ఎన్నటికీ తెమలదు. రేపు కంపోజింగుకు ఇవ్వబోయే పుస్తకంతో మొదలుపెట్టండి. పుస్తకం పేజీలు కూర్చే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్ ఇప్పుడు యూనికోడ్ తెలుగును, ఒత్తులతో సహా, సరిగానే కూర్చగలదు. అందుకోసం అందులోని వరల్డ్ రెడీ కంపోజర్‌ను ఎంచుకోవాలి. చాలామంది కంపోజిటర్లు ఈ ఒక్క అమరిక తెలియకపోవడంవల్లనే యూనికోడ్ విరిగిపోతోందని చెప్పి పాత ఫాంట్లకు తిరిగి వెళ్లిపోతారు. ముద్రణకు అందంగా ఉండే ఫాంట్లు లేవన్న మాట కూడా ఇప్పుడు నిలవదు. మండలి, రామభద్ర, గిడుగు వంటి సిలికానాంధ్ర ఫాంట్లు, గూగుల్ వారి నోటో తెలుగు ఫాంట్లు ఉచితంగానే దొరుకుతున్నాయి.

ఒక హెచ్చరిక. యూనికోడ్‌లో కంపోజ్ చేసినంత మాత్రాన తెలుగు పీడీఎఫ్ చక్కగా చదవబడుతుందని అనుకోవద్దు. మన లిపిలో అక్షరం, గుణింతం, ఒత్తు కలిసి ఒక ఆకారం అవుతాయి. పీడీఎఫ్ ప్రధానంగా ఆకారాలను భద్రపరిచే పద్ధతి కాబట్టి, తిరిగి చదివేటప్పుడు వాటి వరుస తారుమారయ్యే అవకాశం ఉంది. అందువల్ల చూపులేని పాఠకులకు ఇచ్చే ప్రతి ఈపబ్ అనే ఈ-పుస్తకాల ఫైలు పద్ధతిలో ఉండడమే మేలు. డైసీ కన్సార్షియం అనే అంతర్జాతీయ సంస్థ ఈ రంగంలో ప్రచురణకర్తల కోసమే పాఠాలు, మార్గదర్శకాలు తయారుచేస్తోంది. వర్డ్ ఫైలును ఈపబ్‌గా మార్చే వర్డ్‌టుఈపబ్, తయారైన ఈపబ్‌ను పరీక్షించి లోపాల జాబితా ఇచ్చే ఏస్ అనే రెండు సాధనాలను కూడా ఆ సంస్థ ఉచితంగా ఇస్తోంది. ఇంగ్లీషు కొంత వచ్చిన ఒక ఉద్యోగిని ఎంచుకుని, ఈ రెండు సాధనాలతో ఒకే ఒక పుస్తకాన్ని మొదటినుంచి చివరిదాకా పూర్తిచేయించండి. అతడు మిగతావారికి నేర్పుతాడు. ఈపబ్‌లో పుస్తకం భాష తెలుగు అని నమోదు చేయడం మరచిపోతే, కొన్ని పరికరాలు తెలుగును ఇంగ్లీషు గొంతుతో చదవబోయి తడబడతాయి.

పాత పుస్తకాల విషయంలో, అను నుంచి యూనికోడ్‌కు మార్చే పరికరాలు ఉన్నాయిగానీ, మార్చిన ప్రతిని ప్రూఫు చూడనిదే బయట పెట్టకూడదు. పాఠకులు అడిగినవాటిని ముందు మార్చండి. దివ్యాంగుల కోసం పనిచేసే సంస్థ ఏదైనా మీ పుస్తకాన్ని వినగలిగే రూపంలోకి మార్చుకుంటామని వస్తే, కాపీరైటు భయంతో తిప్పిపంపవద్దు. 2012లో సవరించిన కాపీరైటు చట్టంలోని 52వ సెక్షన్ అందుకు వీలు కల్పించింది. ముద్రిత పుస్తకం చదవలేనివారి కోసం 2013లో కుదిరిన మరాకేష్ ఒప్పందాన్ని, మరుసటి ఏడాదే అన్ని దేశాలకన్నా ముందు ధ్రువీకరించింది మన దేశమే. మీ దగ్గర అసలు కంపోజింగ్ ఫైలు ఉంటే దానిని ఇవ్వండి. అచ్చు పుస్తకాన్ని స్కాన్ చేసుకునే శ్రమ వారికి తప్పుతుంది.

ప్రశ్న: నేను యూట్యూబ్‌లో గణితం పాఠాలు చెబుతాను. వినికిడి లేని ఒక విద్యార్థిని క్యాప్షన్లు పెట్టమని అడిగింది. తనంతట తాను వచ్చే క్యాప్షన్ సరిపోదా?
– అధ్యాపకుడు, కరీంనగర్

సమాధానం: సరిపోదు. యంత్రం విని రాసిన క్యాప్షన్‌లో 'లవం' మరోలా పడినా, 'ఎనిమిది' బదులు ఇంకో అంకె పడినా, మాట వినబడేవారు సరిచేసుకుంటారు. క్యాప్షన్ మీదనే ఆధారపడిన ఆ అమ్మాయి తప్పునే నేర్చుకుంటుంది. యంత్రం ఇచ్చినదాన్ని చిత్తుప్రతిగా తీసుకుని యూట్యూబ్ స్టూడియోలోని సబ్‌టైటిల్స్ విభాగంలో మీరే దిద్దండి, లేదా పాఠం మీ దగ్గర ముందే రాసి ఉంటే దానిని సమయాలతో సహా ఎస్ఆర్‌టీ ఫైలుగా ఎక్కించండి. మాటలే కాదు, పాఠానికి అవసరమైన చప్పుడు ఏదైనా ఉంటే దానినీ రాయాలి. ఇద్దరు మాట్లాడితే ఎవరు మాట్లాడుతున్నారో చెప్పాలి.

వెబ్‌కు ప్రమాణాలు రూపొందించే అంతర్జాతీయ సంస్థ అయిన వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం, అంటే డబ్ల్యూ3సీ, తన యాక్సెసిబిలిటీ విభాగం ద్వారా ఆడియో, వీడియోలను అందుబాటుగా తయారుచేయడం మీద ఒక సమగ్రమైన పాఠాల వరుసను ఉచితంగా ఉంచింది. చిత్రీకరణకు ముందు ఏమి ఆలోచించాలో, క్యాప్షన్ ఎలా రాయాలో, పూర్తి లిఖిత ప్రతి ఎలా ఇవ్వాలో అందులో క్రమంగా ఉంది. ఒక్క వారాంతంలో చదివేయవచ్చు.

మీరు అడగకపోయినా ఇంకొక మాట చెప్పాలి. బోర్డు మీద రాస్తూ 'దీన్ని ఇక్కడికి తెస్తే ఇది వస్తుంది' అని చెప్పడం గణితం చెప్పేవారందరికీ అలవాటే. 'మూడు ఎక్స్‌ను సమీకరణం కుడివైపుకు తెస్తే మైనస్ మూడు ఎక్స్ అవుతుంది' అని నోటితో చెబితే, చూపులేని విద్యార్థికి అదనపు ఖర్చేమీ లేకుండానే పాఠం అందుతుంది. సంజ్ఞాభాషలో పాఠం చేయించదలిస్తే, 2015లో ఢిల్లీలో ఏర్పడిన భారతీయ సంజ్ఞాభాష పరిశోధన, శిక్షణ కేంద్రం ఆన్‌లైన్‌లో ఉంచిన నిఘంటువు వీడియోలను చూడండి. కానీ ఆ భాషను వీడియోలు చూసి నేర్చుకుని మీరే సంజ్ఞలు చేయబోకండి. దానికి శిక్షణ పొందిన దుబాసీ కావాలి, తెరమీద ఆ వ్యక్తి చేతులూ ముఖమూ స్పష్టంగా కనబడేంత చోటు కావాలి.

ప్రశ్న: మా అబ్బాయికి మేధోపరమైన వైకల్యం ఉంది. చదవగలడు, కానీ వెబ్‌సైట్లలోని పొడవాటి వాక్యాలు, గజిబిజి పేజీలు అర్థం కావు. ఇటువంటివారి గురించి ఎవరైనా ఆలోచిస్తున్నారా?
– ఒక తల్లి, సికింద్రాబాద్

సమాధానం: ఆలోచిస్తున్నారు, కానీ చూపు, వినికిడి గురించి ఆలోచించినంతగా కాదు. అందుకే మీ ఉత్తరాన్ని ఇక్కడ చేర్చాను. డబ్ల్యూ3సీ 2021లో, విషయగ్రహణలో, నేర్చుకోవడంలో ఇబ్బందులు ఉన్నవారి కోసం సమాచారాన్ని ఎలా రూపొందించాలో వివరిస్తూ ఒక పత్రాన్ని వెలువరించింది. ఒక వాక్యంలో ఒకే సంగతి చెప్పడం, తరువాత ఏమి చేయాలో స్పష్టంగా చూపడం, మీటల స్థానాలు పేజీ పేజీకీ మార్చకపోవడం, తప్పు నొక్కినప్పుడు సులువుగా వెనక్కి రానివ్వడం, తొందరపెట్టే కాలపరిమితులు పెట్టకపోవడం అందులోని ముఖ్య సూచనలు. ఇవి వెబ్‌సైట్లు తయారుచేసేవారు చదవవలసినవి. మీ వరకు, మీకు దగ్గరలోనే మనోవికాస్‌నగర్‌లో జాతీయ మేధోవైకల్య దివ్యాంగుల సాధికారత సంస్థ ఉంది. 1984లో స్థాపించిన ఈ సంస్థలోని ప్రత్యేక విద్యా నిపుణులను కలిసి, మీ అబ్బాయి రోజూ వాడే ఫోనును, యాప్‌లను వెంట తీసుకెళ్లి, ఏ చోట ఆగిపోతున్నాడో చూపించండి.

ప్రశ్న: నేను ఒక ప్రభుత్వ కార్యాలయంలో వెబ్‌సైటు బాధ్యత చూస్తున్నాను. పని అంతా బయటి సంస్థ చేస్తుంది. అందుబాటు గురించి చట్టం ఏమంటోంది? నేను సాంకేతిక నిపుణుడిని కాను, నాకు తగిన శిక్షణ ఏమిటి? ఒక చిన్న కోడ్ అతికిస్తే సైటు మొత్తం అందుబాటులోకి వస్తుందని ఒక సంస్థ వారు చెబుతున్నారు, నమ్మవచ్చా?
– ఉద్యోగి, కర్నూలు

సమాధానం: చివరి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. నమ్మవద్దు. ఆ కోడ్ పేజీ మూలన ఒక బొమ్మను చేర్చి, అక్షరాలు పెంచే, రంగులు మార్చే మీటలు ఇస్తుంది. కానీ ఫారంలోని గడికి పేరు పెట్టలేదు, మీరు ఎక్కించిన స్కాన్ ఉత్తర్వును అక్షరాలుగా మార్చలేదు. కృత్రిమ మేధతో ఏ సైటునైనా ప్రమాణాలకు సరిపోయేలా చేస్తామని ప్రచారం చేసుకున్న ఇటువంటి ఒక సంస్థ, 2025లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చర్యవల్ల పది లక్షల డాలర్లు చెల్లించవలసి వచ్చింది.

చట్టం విషయం. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 40వ సెక్షన్ అందుబాటు ప్రమాణాల రూపకల్పన గురించి, 42వ సెక్షన్ సమాచార సాంకేతికత అందుబాటు గురించి చెబుతున్నాయి. 2017 నాటి నియమాలలోని 15వ నియమాన్ని 2023లో సవరించి, ఐఎస్ 17802 అనే భారతీయ ప్రమాణాన్ని డిజిటల్ ఉత్పత్తులకు, సేవలకు చేర్చారు. 2024 నవంబరు 8న రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు, 15వ నియమం కింద ఉన్న ప్రమాణాలు తప్పనిసరి అన్నట్టుగా కాక సూచనల మాదిరిగా ఉన్నాయని, అది చట్టం ఉద్దేశానికి విరుద్ధమని తేల్చి, తప్పనిసరిగా పాటించవలసిన ప్రమాణాలను వేరుచేసి రూపొందించాలని కేంద్రాన్ని ఆదేశించింది. ఆ తీర్పుకు ఆధారమైన క్షేత్ర నివేదికను హైదరాబాదులోని నల్సార్ విశ్వవిద్యాలయపు దివ్యాంగుల అధ్యయన కేంద్రం తయారుచేసింది. ఆ తరువాత 2025 ఏప్రిల్ 30న ప్రజ్ఞా ప్రసూన్ కేసులో అదే న్యాయస్థానం, డిజిటల్ సేవలను అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణం హామీ ఇచ్చిన జీవించే హక్కులో భాగమని చెప్పింది. కళ్లు ఆర్పి చూపమనే కేవైసీ ప్రక్రియ ఆమ్లదాడి బాధితులకు, చూపులేనివారికి ఎలా అడ్డుగోడ అవుతోందన్నది ఆ కేసులోని విషయం.

మీరు సాంకేతిక నిపుణులు కాకపోవడం ఇక్కడ పెద్ద లోటు కాదు. మీరు నేర్చుకోవలసింది పని చేయించడం, చేసినదాన్ని సరిచూడడం. ప్రభుత్వ వెబ్‌సైట్ల మార్గదర్శకాల మూడో రూపాన్ని, అంటే 2023లో వచ్చిన జీఐజీడబ్ల్యూ 3.0ను, చదవండి. అది వెబ్ అందుబాటుకు డబ్ల్యూ3సీ రూపొందించిన అంతర్జాతీయ ప్రమాణమైన డబ్ల్యూసీఏజీ 2.1లోని డబుల్ ఏ స్థాయిని, అంటే మూడు స్థాయిలలో మధ్యదాన్ని, అనుసరిస్తుంది, పైగా ఎవరి బాధ్యత ఏదో విడివిడిగా చెబుతుంది. తరువాత డబ్ల్యూ3సీ వారి సులభ తనిఖీలు అనే పేజీని దగ్గర పెట్టుకుని మీ సైటును మీరే చూడండి. మౌస్‌ను పక్కన పెట్టి ట్యాబ్ మీటతో మాత్రమే దరఖాస్తు ఫారం పూర్తిచేయగలరా? బొమ్మలోని అక్షరాలు గుర్తించమనే క్యాప్చాకు బదులు వేరే మార్గం ఉందా? ఉత్తర్వులు స్కాన్ బొమ్మలుగా ఉన్నాయా, అక్షరాలుగా ఉన్నాయా? తెలుగు పేజీ భాషను తెలుగు అని కోడులో ప్రకటించారా? ఈ నాలుగు ప్రశ్నలకు సంతృప్తికరమైన జవాబు దొరికిన తరువాతే బిల్లు మీద సంతకం చేయండి. వచ్చే ఒప్పందంలో ప్రమాణం పేరు, స్థాయి, పరీక్షించే విధానం, లోపాలు సరిదిద్దే గడువు అన్నీ రాయించండి. 'వెబ్‌సైటు అందుబాటుగా ఉండాలి' అన్న ఒక్క వాక్యం ఎవరినీ కట్టిపడేయదు.

ప్రశ్న: నేను ఇంజనీరింగ్ పూర్తిచేసి వెబ్ డెవలపర్‌గా చేరాను. యాక్సెసిబిలిటీలో నిలదొక్కుకోవాలని ఉంది. ఇంటర్నెట్‌లో కోర్సులు కోకొల్లలుగా ఉన్నాయి. దేనితో మొదలుపెట్టాలి? సర్టిఫికెట్ అవసరమా?
– పాఠకుడు, విశాఖపట్నం

సమాధానం: డబ్ల్యూ3సీ రూపొందించిన డిజిటల్ యాక్సెసిబిలిటీ ఫౌండేషన్స్ అనే కోర్సుతో మొదలుపెట్టండి. 2020 జనవరిలో ఎడ్‌ఎక్స్ వేదికమీద ప్రారంభమైంది. వారానికి నాలుగైదు గంటల చొప్పున నాలుగు వారాలు పడుతుంది, మీ వీలునుబట్టి చదువుకోవచ్చు, చదువుకోవడానికి రుసుము లేదు. ప్రమాణాలు రాసినవారే తయారుచేసిన కోర్సు కాబట్టి, ఏ నియమం ఎవరి ఏ ఇబ్బందిని తీర్చడానికి పుట్టిందో అందులో తెలుస్తుంది. దాని తరువాత గూగుల్ వారి వెబ్ డాట్ డెవ్ సైటులో ఉన్న లెర్న్ యాక్సెసిబిలిటీ పాఠాలు కోడు రాసేవారికి నేరుగా ఉపయోగపడతాయి. అమెరికాలోని యూటా రాష్ట్ర విశ్వవిద్యాలయంలో 1999లో మొదలైన వెబ్‌ఎయిమ్ వ్యాసాలను సందేహం వచ్చినప్పుడల్లా తీసి చూడండి, అంత స్పష్టంగా రాసినవి అరుదు.

డబ్ల్యూసీఏజీని మొదటి రోజే కంఠతా పట్టబోకండి. తాజా రూపమైన 2.2, 2023 అక్టోబరులో వచ్చింది. గ్రహించగలగడం, వాడగలగడం, అర్థం చేసుకోగలగడం, ఏ పరికరంతోనైనా పనిచేయగలగడం అనే నాలుగు సూత్రాల కింద అది నియమాలను అమర్చింది. వెబ్‌ఎయిమ్ ఏటా పది లక్షల ప్రసిద్ధ వెబ్‌సైట్ల మొదటి పేజీలను యంత్రంతో పరీక్షిస్తుంది. 2025లో వాటిలో 94.8 శాతం పేజీలలో లోపాలు బయటపడ్డాయి. ఏటా ముందు వరసలో నిలిచేవి అవే ఆరు రకాలు: వెనుక రంగుతో కలిసిపోయే మసక అక్షరాలు, వివరణ లేని బొమ్మలు, పేరు లేని ఫారం గడులు, ఖాళీ లంకెలు, ఖాళీ మీటలు, భాష ప్రకటించని పేజీలు. ఈ ఆరింటిని సరిదిద్దడం నేర్చుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. మామూలు అక్షరాలకూ వాటి వెనుక రంగుకూ మధ్య కనీసం 4.5కు 1 నిష్పత్తిలో తేడా ఉండాలన్న నియమం ఒక్కటి మీ బృందంలోని డిజైనరుతో ఒప్పించగలిగితే ఎంతో పని తీరుతుంది.

వేవ్, యాక్స్ వంటి తనిఖీ పరికరాలను వాడండి, కానీ అవి పచ్చజెండా ఊపాయి కదా అని ఊరుకోకండి. బొమ్మకు వివరణ ఉందో లేదో యంత్రం చెప్పగలదు, ఆ వివరణ అర్థవంతమో కాదో నిర్ణయించవలసింది మనిషే. అందుకని మీ కంప్యూటరులో ఎన్‌వీడీఏను వేసుకోండి. చూపులేని ఆస్ట్రేలియన్ మైకేల్ కరన్ 2006లో మొదలుపెట్టి, చూపులేని మరో ఆస్ట్రేలియన్ జేమ్స్ టేతో కలిసి అభివృద్ధి చేసిన ఉచిత స్క్రీన్ రీడర్ అది. హెచ్ మీటతో శీర్షికనుంచి శీర్షికకు, ఎఫ్ మీటతో ఫారం గడినుంచి గడికి వెళ్లవచ్చు. అందులోని స్పీచ్ వ్యూయర్‌ను తెరిస్తే పలికే మాటలు తెరమీద అక్షరాలుగా కూడా కనబడతాయి, కొత్తవారికి అది ఎంతో సాయం. ఈస్పీక్ గొంతుతో తెలుగు కూడా చదువుతుంది. ఆ గొంతు యాంత్రికంగా ఉన్నా, మీ పేజీలో ఏది తప్పిపోయిందో వినడానికి చాలు.

సర్టిఫికెట్ గురించి. ఐఏఏపీ అనే అంతర్జాతీయ వృత్తి సంఘం భావనలమీద సీపీఏసీసీ, వెబ్ సాంకేతికతమీద డబ్ల్యూఏఎస్ అనే పరీక్షలు నిర్వహిస్తుంది. వాటి రుసుము కొత్త ఉద్యోగికి భారమే. ఒక ఏడాది పని చేసిన తరువాత, వీలైతే మీ సంస్థ ఖర్చుతో రాయండి. 2025 జూన్ 28 నుంచి యూరోపియన్ యాక్సెసిబిలిటీ చట్టం అమలులోకి వచ్చినందువల్ల, ఐరోపా వినియోగదారుల కోసం పనిచేసే మన సాఫ్ట్‌వేర్ సంస్థలు ఆ ఖర్చును ఇప్పుడు సులువుగా కాదనలేవు.

ప్రశ్న: నాకు చూపు లేదు. డిగ్రీ పూర్తయింది. స్క్రీన్ రీడర్ బాగా వాడతాను. యాక్సెసిబిలిటీ పరీక్షకుడిగా ఉద్యోగం సంపాదించుకోవడానికి ఏమి నేర్చుకోవాలి?
– పాఠకుడు, రాజమహేంద్రవరం

సమాధానం: ఇతరులు కోర్సులు చేసి తెచ్చుకోవాలనుకునే నేర్పు మీకు రోజువారీ అలవాటు. దానికి రెండు చేర్చుకోవాలి. మొదటిది, మీకు ఎదురైన ఇబ్బందిని ప్రమాణాల భాషలో చెప్పగలగడం. యాక్స్ పరికరాన్ని తయారుచేసిన డీక్యూ సంస్థ, తన డీక్యూ విశ్వవిద్యాలయ పాఠాలను దివ్యాంగులకు ఉచితంగా ఇస్తోంది. దరఖాస్తు చేసుకోండి. పైన చెప్పిన డబ్ల్యూ3సీ కోర్సూ మీకు పనికివస్తుంది. ఎన్‌వీడీఏ తయారుచేసే ఎన్‌వీ యాక్సెస్ సంస్థ నిపుణుల పరీక్ష ఒకటి నిర్వహిస్తుంది. పరీక్ష రాయడం ఉచితం, ధ్రువపత్రం కావాలంటేనే రుసుము. మీ దరఖాస్తులో చూపడానికి అది మంచి ఆధారం.

రెండవది, నివేదిక రాయడం. 'ఈ సైటు పనిచేయడం లేదు' అన్న ఫిర్యాదుతో డెవలపర్ ఏమీ చేయలేడు. ఏ బ్రౌజరు, ఏ స్క్రీన్ రీడర్, వాటిలో ఏ వెర్షన్, ఏ పేజీలో ఏ మీట నొక్కారు, ఏమి వినబడింది, ఏమి వినబడవలసింది, ఇది డబ్ల్యూసీఏజీలో ఏ నియమానికి విరుద్ధం అన్న క్రమంలో రాయండి. మీరు నిత్యం వాడే రైలు టికెట్లు, బ్యాంకు, వార్తల సైట్లమీద ఇటువంటి నివేదికలు కొన్ని తయారుచేసుకుంటే ఇంటర్వ్యూలో చూపడానికి ఉంటాయి. హెచ్‌టీఎంఎల్ ప్రాథమికాంశాలు కూడా తెలిస్తే, లోపంతో పాటు పరిష్కారాన్ని కూడా సూచించగలుగుతారు, మీ విలువ రెట్టింపవుతుంది.

ప్రజ్ఞా ప్రసూన్ తీర్పులో సుప్రీంకోర్టు, నియంత్రణ పరిధిలోని సంస్థలు అర్హులైన నిపుణులచేత ఎప్పటికప్పుడు యాక్సెసిబిలిటీ ఆడిట్ చేయించాలని, యాప్‌లను, వెబ్‌సైట్లను రూపొందించేటప్పుడు చూపులేనివారిని పరీక్షలో భాగస్వాములను చేయాలని ఆదేశించింది. అందుచేత బ్యాంకులు, బీమా సంస్థలు, వారికి సాఫ్ట్‌వేర్ తయారుచేసే సంస్థలతో మీ వెతుకులాట మొదలుపెట్టండి. ఒకసారి చూసిపెట్టమని స్నేహపూర్వకంగా అడిగేవారు చాలామంది ఎదురవుతారు. మొదటి నమూనా నివేదిక ఇచ్చిన తరువాత మీ రుసుము ఎంతో స్పష్టంగా చెప్పండి.